ఎండ లెక్క తేల్చే చల్లని పరికరం

సూర్యుడు భూమికి పంపే శక్తిని నేల మీద నిలబడి కచ్చితంగా కొలవలేం. గాలి, దుమ్ము, మబ్బు అడ్డుపడతాయి. అందుకే 1978 నుంచి ఆ పని ఉపగ్రహాలు చేస్తున్నాయి.

పద్ధతి వినడానికి తేలికే. లోపల నల్లపూత పూసిన చిన్న గరాటు మీద ఎండ పడనిస్తారు. అది వేడెక్కుతుంది. తర్వాత మూత మూసి, అంతే వేడిని కరెంటుతో పుట్టిస్తారు. ఎంత కరెంటు పట్టిందో అదే ఎండ లెక్క.

2003లో వెళ్లిన సోర్స్ ఉపగ్రహం చదరపు మీటరుకు 1361 వాట్లు చూపింది. పాత పరికరాలేమో దాదాపు 1366 అన్నాయి. సూర్యుడేమీ తగ్గలేదు. పాతవాటిలో ముందున్న రంధ్రం అంచుల దగ్గర చెదిరిన వెలుగు కూడా లోపలికి చేరి లెక్క పెంచింది. అయిదు వాట్లేగా అని తీసిపారేయకండి. పదకొండేళ్ల సూర్యమచ్చల చక్రంలో సూర్యుడిలో వచ్చే మార్పు సుమారు 0.1 శాతం, అంటే ఒక వాటు పైచిలుకే!

ఈ తగవు తీర్చడానికి అమెరికాలోని కొలరాడోలో ఒక అతిశీతల రేడియోమీటరుతో, అంటే అతి చల్లగా ఉంచిన ఇలాంటి గరాటు పరికరంతో, ఉపగ్రహ పరికరాలను పోల్చి చూశారు. బాగా చల్లబరిస్తే చుట్టుపక్కల గోడల నుంచి వచ్చే వేడి బెడద తగ్గుతుంది. గరాటులోని రాగి కూడా చిన్నపాటి వేడికే చప్పున స్పందిస్తుంది. అందుకే కొలత నిక్కచ్చిగా వస్తుంది.

ఇలాంటి చల్లని పరికరాన్ని ఏకంగా కక్ష్యలోకి పంపాలని యూరప్ అంతరిక్ష సంస్థ ట్రూత్స్ అనే ఉపగ్రహాన్ని తలపెట్టింది. ఆ ప్రయత్నానికి సారథ్యం వహించింది బ్రిటన్.