అప్పు దగ్గర రైతును, సాయం దగ్గర కాదా?

(మార్చి 8 సందర్భంగా జరిగిన మహిళా రైతుల సమావేశంలో ఒక మహిళా కౌలు రైతు చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక నాకు శాలువా కప్పి ‘ధైర్యం గల మహిళ’ అన్నారు. సంతోషం. కానీ ఉన్నమాట చెప్తాను. నాకు ధైర్యం ఎక్కువై నిలబడలేదు. వేరే దారి లేక నిలబడ్డాను. ఇక్కడ కూర్చున్న చాలామంది కథ ఇదే. అందుకే ఈ రోజు పొగడ్తల గురించి కాకుండా కాగితాల గురించి మాట్లాడాలని వచ్చాను.

మాది పత్తి వ్యవసాయం. మా మామ కొన్న భూమి ఎకరంన్నర ఉండేది, పట్టా ఆయన పేరునే. ఇంకో నాలుగెకరాలు కౌలుకు పట్టాం. కౌలు నోటిమాట మీదే. రెండేళ్లు వరుసగా పంట పోయింది. అప్పుల బాధ తట్టుకోలేక నా భర్త ప్రాణం తీసుకున్నాడు. ఇది తొమ్మిదేళ్ల కిందటి మాట.

పదకొండో రోజు అయిందో లేదో, ఎరువుల దుకాణాయన ఖాతా పుస్తకం పట్టుకుని వచ్చాడు. వడ్డీకిచ్చిన ఆయన నోటు తెచ్చాడు. ‘అమ్మా, నువ్వూ ఆయనతో పాటు చేసిన వ్యవసాయమే కదా, బాకీ నీది కూడా’ అన్నారు. నేను కాదనలేదు.

తర్వాత ప్రభుత్వ సాయం కోసం ఆఫీసుకు పోయాను. పట్టా ఎవరిదన్నారు. మామదన్నాను. కౌలు కాగితం ఉందా అన్నారు. లేదన్నాను. నువ్వేం చేస్తావన్నారు. వ్యవసాయం అన్నాను. ఆయన కాగితం మీద ‘గృహిణి’ అని రాసుకున్నాడు. అప్పు వసూలు చేసేటోళ్లకు నేను రైతును. సాయం చేయాల్సినోళ్లకు మాత్రం ఇంట్లో ఉండే ఆడమనిషిని.

ఒక్కసారి మన పనులు లెక్కేసుకోండి. గింజలు పెట్టేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? మొక్క మొదట్లో ఎరువు వేసేది ఎవరు? ఎండలో వంగి పత్తి ఏరేది ఎవరు? మనమే. దున్నకం, మందు కొట్టడం, మార్కెట్‌కు తోలడం మగవాళ్లవి. మరి రైతు పేరు రాసే చోట్లు ఏవి? బ్యాంకు, దుకాణం, మార్కెట్‌లో కాంటా, తహసీల్దార్ ఆఫీసు. ఆ చోట్లకు మనం పోం. అందుకే చేను నిండా మనం ఉన్నా, రికార్డులో మనం లేం.

దేశం మొత్తం ఇదే తీరు. గ్రామాల్లో పనిచేసే ఆడవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది వ్యవసాయంలోనే ఉన్నారు. కానీ 2015-16 వ్యవసాయ గణనలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి 14 శాతం దగ్గరే ఆగాయి. 2007 జాతీయ రైతు విధానం కౌలుదారులను, వ్యవసాయ కూలీలను కూడా రైతులుగానే చెప్పింది. మహిళా రైతులకు గుర్తింపు పత్రం ఇవ్వాలని స్వామినాథన్ గారు రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఇప్పటికీ చాలా పథకాలు పాసుపుస్తకం దగ్గరే మొదలై అక్కడే ఆగుతాయి. రైతు బీమానే చూడండి. 2018లో మొదలైంది. రైతు చనిపోతే 5 లక్షలు. పట్టా లేనివాళ్లకు అది లేదు.

చాకలి ఐలమ్మ ఫొటోకు మనం ప్రతి సభలో దండ వేస్తాం. ఆమె పాలకుర్తిలో సాగుచేసింది కౌలు భూమి. మనలాంటి కౌలు రైతే! విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే ఆమె ఎదురు నిలిచింది. అయితే ఒంటరిగా కాదు. సంఘం కార్యకర్తలు తోడు నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఈ రెండో సగాన్ని మనం మరిచిపోతాం. ఐలమ్మ ధైర్యాన్ని పొగిడి ఊరుకుంటే సరిపోదు. ఆమె వెనక సంఘం నిలబడ్డట్టు మన వెనకా నిలబడాలి.

నా విషయంలో చివరికి జరిగింది కూడా అదే. ఎంక్వైరీకి అధికారులు వచ్చిన రోజు సంఘం వాళ్లు ఊళ్లో ఇరవై మందిని పోగుచేశారు. పక్క చేను రైతులు, నాతో కూలికి వచ్చిన ఆడవాళ్లు ‘ఈ నాలుగెకరాలు వాళ్లే చేశారు’ అని చెప్పి సంతకాలు పెట్టారు. మూడేళ్లు పట్టింది కానీ సాయం అందింది.

ఇప్పుడు భూమి హక్కు సంగతి. మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చారు. 2005లో కేంద్ర చట్టం మార్చి, పెళ్లయినవాళ్లకు కూడా ఇచ్చారు. అప్పటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టానికి కొదవ లేదు. మరి ఊళ్లో ఏం జరుగుతోంది? ‘పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా, పెళ్లికి ఖర్చు పెట్టాం కదా’ అంటారు. విరాసత్ రోజు చెల్లెలికి చీర పెట్టి సంతకం పెట్టించుకుంటారు.

నేను కూడా తప్పు చేయబోయాను, దాచుకోను. మామ పోయాక ఎకరంన్నర మా పేరున వస్తుందనుకున్నాను. అత్త అంతకుముందే పోయింది. సంఘంలో తెలిసినాయన లెక్క చెప్పాడు: మీ ఆడబిడ్డకు సగం, చనిపోయిన కొడుకు వాటా సగం నీకూ నీ పిల్లలకూ అని. నా గుండె ఆగినట్టయింది. ‘ఆమెకు మొగుడున్నాడు, ఇల్లుంది, నాకేముంది’ అనుకున్నాను. చీర కూడా కొన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆఫీసులో నన్ను గృహిణి అని రాసినాయనకూ నాకూ తేడా ఏముంది? ఆడబిడ్డ పెళ్లయ్యేదాకా ఆ చేన్లో కలుపు తీసిన మనిషే కదా!

పొద్దున్నే ఫోన్ చేసి ‘వదినా, వచ్చి నీ పేరు రాయించుకో’ అన్నాను. ఆమె ఏడ్చింది. ఇప్పుడు 30 గుంటలు ఆమె పేరున, 30 గుంటలు మా పేరున ఉన్నాయి. ఆమె వాటా నేనే చేస్తాను. ఈసారి నోటిమాట కాదు, కౌలు కాగితం రాసుకున్నాం. ఏటా పంట రాగానే కౌలు ముడుతుంది. భూమి పోతుందని భయపడ్డాను. పోలేదు. నాకు తోడు ఒక మనిషి పెరిగింది.

కౌలు గురించి ఇంకో మాట. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆంధ్రలో 2019లో కొత్త చట్టం తెచ్చి, భూయజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు అన్నారు. మగ కౌలుదారుకే యజమాని సంతకం పెట్టడు. ఆడమనిషికి పెడతాడా? మా ఊళ్లో ఒక్క ఆడమనిషి పేరున కూడా కార్డు నేను చూడలేదు.

ఇక కూలి. 1976లోనే సమాన పనికి సమాన వేతనం చట్టం వచ్చింది. ఉపాధి హామీ పనిలో ఆడ, మగ రేటు ఒకటే పెట్టారు. మన చేన్లలో మాత్రం రెండు రేట్లు. ఇక్కడున్న రైతులందరినీ అడుగుతున్నాను, నన్ను కూడా కలుపుకుని: గిట్టుబాటు ధర కోసం ధర్నా చేసే మనం, మన చేన్లో వంగిన మనిషికి గిట్టుబాటు కూలి ఇస్తున్నామా?

చివరగా మన సంఘం గురించి. కోపం తెచ్చుకోకండి అన్నా. నా భర్త బతికున్నప్పుడు సభ్యత్వ రసీదు ఆయన పేరున ఉండేది. ఆయన పోయిన ఏడాది మా ఇల్లే పుస్తకంలో లేకుండా పోయింది. ధర్నాకు లారీ నిండా మేమే ఉంటాం. కమిటీ కూర్చున్నప్పుడు మేము టీ కాస్తాం. ఆఫీసాయన రాసిన ‘గృహిణి’ మన రసీదు పుస్తకంలో కూడా ఉంది, కనపడకుండా.

అందుకే నాలుగు తీర్మానాలు అడుగుతున్నాను. ఒకటి, ఈ ఏడాది సభ్యత్వం ఇంటికొకటి కాదు, మనిషికొకటి రాయాలి. రెండు, సంఘం రాయించే ప్రతి కౌలు కాగితంలో భార్యాభర్తల పేర్లు రెండూ ఉండాలి. మూడు, విరాసత్ ఉన్న ఇంటికి సంఘం మనిషి పోయి, ఆడపిల్లలతో సంతకం పెట్టించకముందే వాళ్ల వాటా ఎంతో వాళ్లకు చెప్పాలి. నాలుగు, సంఘం సభ్యుల చేన్లలో వచ్చే సీజన్ నుంచి సమాన పనికి ఒకటే కూలి.

ఇవి ఒప్పుకుంటే చేతులెత్తండి. ఒప్పుకోకపోతే ఇక్కడే మాట్లాడండి, నేను వింటాను. శాలువా ఇంటికి తీసుకుపోతాను, చలికాలం పనికొస్తుంది. కానీ పోయే ముందు రసీదు పుస్తకం ఇటు ఇవ్వండి. మొదటి పేరు నాది రాయండి.