ఎండపెట్టెతో వేన్నీళ్ళు



భద్రాచలము అడవి అంచున నివసించు మీకు మేము ఎండను గూర్చి చెప్పబూనుట వింతగా తోచవచ్చును. కొత్తగూడెము వేసవి ఎట్టిదో మీరెరుగనిది కాదు. కాని మేము మాట్లాడదలచినది వేసవిని గూర్చి కాదు. మార్గశిర పుష్యమాసముల చలిలో ముసలివారికి, బాలింతలకు, బడిపిల్లలకు కావలసిన వేన్నీళ్ళను గూర్చి.

ఈ మాట ఎత్తగనే "అడవిలో కట్టె ఊరక దొరకుచుండగా రేకునకు, అద్దమునకు డబ్బెందుకు?" అని అడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. అయితే కట్టె ఊరక దొరకుట దానిని మోయనివారికి మాత్రమే. మోపు నెత్తిన పెట్టుకొని వచ్చు ఇల్లాలిని అడిగి చూడుడు. వంద లీటర్ల నీటి వేడిని 20 డిగ్రీలు పెంచుటకు 2,000 కిలో కేలరీలు కావలెను. కిలో ఎండుకట్టెలో సుమారు 3,500 ఉన్నను, మూడు రాళ్ళ పొయ్యిపై అందులో పదవ వంతు మాత్రమే నీటికి అందినచో, ఒక్కపూట స్నానములకే ఆరు కిలోల కట్టె కాలిపోవును. తక్కినదంతయు పొగయు, గాలి పాలగు వేడియు.

ఎండను పెట్టెలో పట్టుట క్రొత్త విద్య కాదు. 1767లోనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సొస్సూర్ అద్దములు బిగించిన పెట్టెలో నీరు మరుగునంత వేడిని సాధించెను. మన దేశమున జోధ్‌పూరులోని కేంద్ర శుష్క ప్రాంత పరిశోధన సంస్థ వారు 1970 దశకములో, తొట్టియే ఎండను గ్రహించి నీటిని నిలువయుంచు సులువైన పద్ధతిని పరీక్షించిరి. గొట్టముల అల్లిక లేనందున మన గ్రామములకు ఇదియే తగినదని మా అభిప్రాయము.

పొడవు 110, వెడల్పు 80, లోతు 10 సెంటీమీటర్లు గల మూతవేసిన రేకు తొట్టిని వెల్డింగు పనివానిచే చేయించవలెను. ఇందులో 88 లీటర్లు పట్టును. నిండినప్పుడు ఉబ్బకుండ లోపల అడ్డుపట్టీలు పెట్టించుడు. నీరు నింపి, కారుట లేదని తేలిన పిమ్మటనే పైభాగమునకు మెరుపులేని నల్లరంగు వేయవలెను. దానిని చెక్కపెట్టెలో అమర్చి, అడుగునను ప్రక్కలను నాలుగంగుళముల మేర ఎండు ఊక కూరి, పైన మూడు సెంటీమీటర్ల ఎడముతో అద్దము బిగించవలెను. మేము మొదట చేసిన పెట్టెలో మూలన సందు మిగిలి, వాన నీరు దిగి ఊక తడిసెను. తడి ఊక వేడిని ఆపదు. నెల దినములు అద్దమును నిందించితిమి, తప్పు సందుది.

పెట్టె ముఖము దక్షిణమునకు ఉండవలెను. మన ప్రాంతము 17, 18 అక్షాంశముల నడుమ నున్నందున చలికాలపు ఎండకు 30 డిగ్రీల వాలు చాలును. కొలబద్ద అక్కరలేదు: 110 సెంటీమీటర్ల పొడవునకు ఉత్తరపు అంచును 55 సెంటీమీటర్లు ఎత్తినచో సరిపోవును. చన్నీళ్ళు పోయు గరాటు గొట్టము తొట్టి అడుగునకు దిగవలెను. వేన్నీళ్ళ గొట్టము పై అంచున ఉండవలెను. గరాటు నోరు దానికన్న ఎత్తున ఉండునట్లు చూడుడు. ఒక బిందె చన్నీళ్ళు పోసినచో ఒక బిందె వేన్నీళ్ళు వచ్చును. ఆ పై గొట్టమును ఎన్నడును బిగించి మూయరాదు. పురుగుమందు డబ్బాల రేకును వాడనే రాదు. ఈ నీరు స్నానమునకే గాని త్రాగుటకు కాదు.

నిర్మలమైన దినమున సాయంత్రము 4 గంటలకు నీటి వేడి 20 డిగ్రీలు పెరుగును. రాత్రి బొంత కప్పినను తెల్లవారునప్పటికి చాలవరకు చల్లారును. దీనిని దాచుట మాకిష్టము లేదు. పొలము నుండి వచ్చి సాయంకాలము స్నానము చేయువారికి ఇది బాగుగ ఉపకరించును. వానకాలపు మబ్బులలో కట్టెపొయ్యి తప్పదు.

మొదటి పెట్టెను సర్పంచి ఇంటనుగాక బడి ఆవరణలో, చెట్టునీడ సోకనిచోట నిలుపుడు. కోతుల బెడద గల గ్రామములలో అద్దముపై వెడల్పు కన్నుల తీగవల తప్పనిసరి; కొంత ఎండ పోయినను అద్దము దక్కును. నెల దినములు ప్రతి సాయంత్రము నీటి వేడిని కొలిచి పంచాయతీ పుస్తకమున వ్రాయించుడు. మబ్బుపట్టిన దినముల లెక్కను గూడ విడువక వ్రాయించి, గ్రామసభలో చదివి వినిపించిన పిమ్మట రెండవ పెట్టె మాట తలపెట్టుడు.