దూరదేశపు కొలువు: సంతకమునకు ముందు

(భోకరులో తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



విదేశమునందు మంచి జీతముతో ఒప్పందపు ఉద్యోగము వచ్చినపుడు పోవలెనా, మానవలెనా అను ప్రశ్న నేడు మన యిండ్లలో తరచుగా వినవచ్చుచున్నది. దానిని గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గము వారు కోరిరి. నేను గల్ఫు దేశములకు పోయినవాడను కాను. అయితే పోవువారి కాగితములను, వచ్చినవారి కాగితములను చదివిపెట్టుచుండుట నాకు చాలకాలముగా అలవాటు. ఆ అలవాటు వలన తోచిన సంగతులనే మనవి చేసెదను.

వలస మనకు క్రొత్త కాదు. మన పెద్దలు ఇచ్చట స్థిరపడిన నాడు ఈ ప్రాంతము హైదరాబాదు రాజ్యములోనిది. 1956 నవంబరు 1వ తేదీన బొంబాయి రాష్ట్రములోను, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రములోను చేరినది. మనము కదలకయే రాష్ట్రములు మారితిమి. మన నేతగాండ్రు షోలాపురమునకును భివండికిని పోయిరి. కట్టుబడి పనివారు బొంబాయి కామాఠిపురమునకు పోయిరి. అట్లు పోయినవారి కష్టములు తక్కువవి కావు. కాని వారికొక సౌకర్యముండెను. పని కుదరకున్నను, యజమాని నోరు మంచిది కాకున్నను, మూట కట్టుకొని రైలెక్కుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. సముద్రము దాటిన కొలువునకును దీనికిని గల ముఖ్యభేదము ఇదియే. కావున నా దృష్టిలో మొదట అడుగవలసినది జీతమెంత అని కాదు. నచ్చనిచో తిరిగి రాగలనా, దానికేమి ఖర్చగును అని.

ఈ భేదము మన జాతికి పూర్వమే తెలిసినది. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. చెరకుతోటలలో పనిచేయుటకు ఒప్పందము వ్రాసిన కూలీలు అందులో నుండిరి. అటుపిమ్మట మన కోస్తా జిల్లాలనుండి తెలుగువారు వేలుగా నేటాలుకు పోయిరి. మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగుల జీతము, తిండి, వసతి యని ఒప్పందము. అనేక తోటలలో ఒకదినము పనికి రాని వానికి రెండు దినముల జీతము కోసెడివారు. గడువు నిండకుండ తోట విడిచి పోవుట నేరము. అగ్రిమెంటు అను మాటయే వారి నోట ‘గిర్మిట్’ అయినది. ఇంత కఠినమైన పద్ధతిలోనుకూడ ఒక సంగతి గమనింపుడు. ఓడఖర్చు కూలీది కాదు. అతడు వెళ్ళుటకై ఇల్లు తాకట్టు పెట్టలేదు.

నేడు గల్ఫునకు పోవువాడు తన దారిఖర్చు తానే అప్పుచేసి పెట్టుకొనుచున్నాడు. భైంసా, నిర్మల, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండి 1970 దశాబ్దము మొదలుకొని జనము గల్ఫునకు పోవుచున్నారు. ఆ ఊళ్ళతో మనకు ఇచ్చిపుచ్చుకొనుట లున్నవి. కావున మనవానికి వీసా మాట తెచ్చునది పత్రికా ప్రకటన కాదు, మేనబావయో, వియ్యంకుని తమ్ముడో. బంధువును రసీదు అడుగుట మర్యాద కాదని మనవారి తలంపు. మోసము చాలవరకు ఆ మర్యాదలోనుండియే పుట్టుచున్నది.

ఒక లెక్క వేయుదము. ఖతరులో నెలకు 1,200 రియాళ్ళ జీతమనుకొనుడు. అక్కడ 2021 మార్చి నుండి చట్టప్రకారము కనీస వేతనము 1,000 రియాళ్ళు. మన రూపాయలలో 1,200 రియాళ్ళు రమారమి ఇరువదియెనిమిది వేలు. తిండికి, ఫోనుకు, చిల్లరకు ఆరు వేలు పోగా ఇరువదిరెండు వేలు మిగులును. వెళ్ళుటకు ఏజెంటు చేతిలో లక్షన్నర పెట్టినాడు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినాడు అనుకొనుడు. ఇంటికి ఒక్క రూపాయి పంపకున్నను ఆ అప్పు తీరుటకు ఎనిమిది నెలలు పట్టును. ఆ ఎనిమిది నెలలును అతడు చెప్పిన పని తప్పించి వేరు పని ఇచ్చినను చేయవలసినదే, అదనపు గంటలకు డబ్బు రాకున్నను ఊరకుండవలసినదే.

ఇప్పుడు రెండవ లెక్క. 1983 నాటి వలస చట్టము క్రింద అనుమతి పొందిన ఏజెంటు తీసికొనదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. పన్నుతో 35,400 అగును. ఆ అప్పు అదే జీతముతో రెండు నెలలలో తీరిపోవును. జీతము రెండింటను ఒక్కటే. రెండవవాడు మూడవ నెలలో యజమాని ముఖము చూచి “ఇది ఒప్పందములో లేదు” అని చెప్పగలడు. ఖతరు ప్రభుత్వము 2020లో యజమాని అనుమతిపత్రము లేకయే కొలువు మార్చుకొను హక్కు నిచ్చినది. ఆ హక్కు కూడ అప్పులేనివానికే ఎక్కువగా అక్కరకు వచ్చును.

‘ఆజాద్ వీసా’ను గురించి ఒక మాట. పేరు స్వేచ్ఛ, స్థితి దానికి విరుద్ధము. ఒకడు తన పేర వీసా అమ్మును, పని ఇవ్వడు. కొన్నవాడు వేరొకచోట దొంగచాటుగా పని వెదకుకొనును. పట్టుబడిన నాడు జైలు, పిమ్మట ఇంటిదారి. మనవారు ‘ఖల్లివల్లి’ అని నవ్వుచు చెప్పుకొను బ్రతుకు అదియే. ఎమిరేట్సు ప్రభుత్వము 2018లోను 2024లోను క్షమాభిక్ష ప్రకటించినపుడు బయటపడుటకు వరుసలో నిలిచినవారిలో అట్టివారు కలరు. విజిట్ వీసాపై పని కొరకు పోవుటయు ఇట్టిదే.

వసతిని గురించి అడుగుట చిన్న విషయమని తలంపకుడు. 2024 జూన్ 12వ తేదీన కువైటులోని మంగాఫ్ అనుచోట పనివారు నిదురించు భవనము తగులబడినది. చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులు. గదికి ఎందరు, మెట్లెన్ని, తలుపు రాత్రి తెరచియుండునా అని ముందే పోయినవానిని అడిగి తెలిసికొనవలెను.

వీటిని విని నేను పోవద్దనుచున్నానని తలంపవలదు. ప్రత్తి, సోయా వానదయపై బ్రతుకు చేలు మనవి. గల్ఫు డబ్బుతో అప్పులు తీరిన ఇండ్లు, చెల్లెండ్ర పెండ్లిండ్లు అయిన ఇండ్లు మన బంధువర్గములోనే ఎన్నియో ఉన్నవి. పని నేర్చిన యువకునకు ఇతర దారులును తెరచుకొనుచున్నవి. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర ప్రభుత్వము జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రముతో నైపుణ్యముగల పనివారిని పంపుటకు ఒప్పందము చేసికొన్నది. అందుకు జర్మను భాష నేర్వవలెను. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ పలుకు మన పిల్లలు నాలుగవ భాషకు బెదరనక్కరలేదు.

ఒకటి మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. ఆడబిడ్డ పెండ్లి తలపైనున్నది, మాఘమాసములోగా డబ్బు కావలెనని తొందరలో సంతకము చేసినవాని ఒప్పందమే సాధారణముగా చెడ్డది. తొందర ఏజెంటు కంటికి మొదట కనబడును. మరియు ఆలోచన జరుగునపుడు ఇంటి ఇల్లాలిని లోపలి గదిలో నుంచకుడు. భర్త దూరదేశమందుండగా వడ్డీకిచ్చినవాడు వచ్చి నిలుచునది ఆమె గుమ్మములోనే.

ఒప్పందము ఆంగ్లములోనో అరబ్బీలోనో ఉండును. పోవువాడు మరాఠీలో చదువుకొన్నవాడు, తల్లి తెలుగే తెలిసినది. అందుచేత ఇంటిలో దానిని చదివినవారే ఉండరు. కావున సంఘము ఒక పని చేయవచ్చునని నా ప్రార్థన. డబ్బు చేతులు మారకముందే ఆ కాగితమును ఇచ్చటికి తెండు. వరుసవరుసగా తెలుగులో చదివి వినిపింపబడును. ఏజెంటు అనుమతి సంఖ్యను ఈ-మైగ్రేట్ జాలస్థలిలో సరిచూడవచ్చును. పదవ తరగతి తప్పినవానికి వలస అనుమతి ముద్ర కావలసియున్నచో ప్రవాసీ భారతీయ బీమా చేయించితిరా అని అడుగుదము. దానికి రెండేండ్లకు 275 రూపాయలు, ప్రమాదములో ప్రాణము పోయినచో పది లక్షలు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, బీమా, ఈ నాలుగింటి నకళ్ళు ఇంటి పెట్టెలో ఒక జత, సంఘము బీరువాలో ఒక జత ఉండవలెను. బీరువా తాళము కార్యదర్శిగారి యొద్దనున్నది. ఆదివారము ఉదయము పది గంటలకు వారు ఇచ్చట నుందురు.