వృత్తిమధ్యమున విద్యార్థిత్వము



పత్రికారచనా విభాగమునుండి నేడు పట్టములు గైకొనుచున్న యువతీయువకులారా, పది పండ్రెండు సంవత్సరములు పత్రికలలో పనిచేసి, పేరు గడించి, ఇక నేర్వవలసినది లేదని లోకమును, ఒక్కొక్కప్పుడు మీరును నమ్మజొచ్చిన తరుణమున, మీరు మరల ఒక విశ్వవిద్యాలయపు ద్వారమున నిలిచి, ఒక్క సంవత్సరము చోటిమ్మని దరఖాస్తు పెట్టుకొనవలయునని నా కోరిక. పట్టము చేతికందిన దినముననే మరల విద్యాభ్యాసమును గూర్చి ముచ్చటించుట అకాలప్రసంగముగ తోచవచ్చును. కాని ఆ దరఖాస్తులో వ్రాయదగిన విషయము ముందునాటి రాత్రి వెదకిన దొరకునది కాదు. సంవత్సరములకొలది పని చేయుచుండగా మనస్సున పేరుకొనవలసినది. కావుననే నేడు ప్రస్తావించుచున్నాను.

ఇట్టి ఏర్పాటులలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు నీమన్ ఫెలోషిప్పు. మిల్వాకీ జర్నల్ పత్రికను పెంచి పెద్దచేసిన లూషియస్ నీమన్ 1935లో గతింపగా, మరుసటి సంవత్సరము కాలధర్మము నొందిన ఆయన భార్య ఆగ్నెస్, పత్రికారచనా ప్రమాణములు ఉన్నతి చెందుటకై గొప్ప ధనరాశిని హార్వర్డునకు మరణశాసనమున వ్రాసి యిచ్చెను. పత్రికారచనకు ప్రత్యేక పాఠశాలయే లేని ఆ విశ్వవిద్యాలయపు అధ్యక్షుడు జేమ్స్ కోనంట్, క్రొత్త పాఠశాలను కట్టక, పనిలోనున్న విలేఖరులనే ఒక సంవత్సరము పిలిపించి, విశ్వవిద్యాలయమంతయు వారికి తెరచి యుంచుటకు నిశ్చయించెను. ఈ ప్రయోగము ఫలించునా యను సంశయము ఆయనకే కలదు. 1938లో తొమ్మండుగురితో అది ఆరంభమయ్యెను. దాని తొలి నిర్వాహకుడు ఆర్చిబాల్డ్ మెక్లీష్ అను కవి. అందు పరీక్ష లేదు, పట్టము లేదు, భత్యము కలదు, కోరిన ఆచార్యుని తరగతిలో కూర్చుండు స్వేచ్ఛ కలదు. కనీసము 5 సంవత్సరముల వృత్త్యనుభవము మాత్రము ఉండవలయును.

దరఖాస్తుతో కోరునవి కొద్ది కాగితములే: తన్ను గూర్చిన వ్యాసము, చదువదలచిన విషయపు ప్రణాళిక, ప్రచురితమైన రచనలు, తన పనిని ఎరిగినవారి సిఫారసు లేఖలు. వీనిలో ప్రణాళికయే కఠినమైనది. ఇతరులను ప్రశ్నించుటయే జీవనముగా గలవాడు, తనకు తెలియనిదేదో తానే వ్రాసి సంతకము చేయవలసిన ఘట్టమది. అలవాటు చొప్పున చేయి, పొందిన బహుమతులను, చూచివచ్చిన దేశములను, సంభాషించిన మంత్రుల పేర్లను వ్రాయబోవును. ఆర్థికశాస్త్రమున అవగాహన పెంచుకొందునను వాక్యమును అట్టిదే. అందు అసత్యము లేదు గాని, వ్రాసినవా డెవ్వడో కానరాడు.

మనకు పరిచితమైన విషయము నొకదానిని తీసికొందము. కృష్ణాజలములను గూర్చి వ్రాయు విలేఖరి నికరజలములు, మిగులుజలములు, టీఎంసీలు అను మాటలను దినదినము వాడును. ఆ జలములను రాష్ట్రములకు పంచిన బచావత్ ట్రైబ్యునలు 75 శాతము విశ్వసనీయత ననుసరించి 2,060 టీఎంసీలను లెక్కకట్టి, అందు 800 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు, 700 కర్ణాటకకు, 560 మహారాష్ట్రకు కేటాయించెనని కంఠస్థముగ చెప్పగలడు. అయినను ఆ 2,060 ఎట్లు వచ్చెను? 1894 మొదలు 78 సంవత్సరముల ప్రవాహములను పేర్చి, నాలుగేండ్లలో మూడేండ్లు లభింపదగిన నీటిని నిర్ణయించిన ఆ గణితము, వానల తీరు మారినచో ఏమగును? ఎగువ రాష్ట్రము దిగువ రాష్ట్రమునకు ఏ న్యాయముచే బద్ధమై యుండును? జలశాస్త్రాచార్యుని యొద్ద సగము, న్యాయశాస్త్రాచార్యుని యొద్ద సగము తీరవలసిన ఈ సందేహమును, అది ఏ వార్త వ్రాయుచుండగా తనకు కలిగెనో ఆ వార్తతో సహా, ఒక్క పుటలో విస్పష్టముగ వ్రాయగల విలేఖరియే నా దృష్టిలో ఉత్తమ దరఖాస్తుదారుడు.

న్యూయార్క్ టైమ్స్ విలేఖరియగు ఆంథొనీ లూయిస్, అమెరికా సుప్రీంకోర్టు వార్తలు వ్రాయుటకు ముందు, 1956-57లో నీమన్ ఫెలోగా హార్వర్డున న్యాయశాస్త్రమును చదివెను. శాసనసభా స్థానముల అసమ విభజనపై ఆయన వ్రాసిన వ్యాసము 1958లో హార్వర్డ్ లా రివ్యూలో వెలువడి, 1962లో ఆ కోర్టు ఇచ్చిన బేకర్ వ్యాజ్యపు తీర్పులో ప్రస్తావనకు వచ్చెను. వకీలు నియ్యకయే తన్ను శిక్షించిరని ఫ్లారిడా చెరసాలనుండి క్లారెన్స్ గిడియన్ అను పేద ఖైదీ పెన్సిలుతో వ్రాసి పంపుకొన్న అర్జీ సుప్రీంకోర్టున నెగ్గి, నిరుపేద నిందితునకు ప్రభుత్వమే వకీలును సమకూర్పవలయునను సూత్రము 1963లో స్థిరపడగా, ఆ వ్యాజ్యమును సామాన్యపాఠకునకు బోధపడునట్లు మరుసటి సంవత్సరమే గ్రంథరూపమున నిలిపినవాడును ఆయనయే.

న్యూస్‌డే పత్రికనుండి 1965లో నీమన్ ఫెలోగా వెళ్లిన రాబర్ట్ కారో కథ నాకు మరింత ప్రియమైనది. రహదారులు ఎచ్చట వేయవలయునో సమీకరణములతో ఆచార్యులు తరగతిలో బోధించుచుండగా, న్యూయార్కున రహదారులు వెలయుట ఈ సమీకరణములవలన గాదు, ఎన్నడును ఎన్నికలో నెగ్గి పదవికి రాని రాబర్ట్ మోజెస్ అను అధికారి సంకల్పమువలన గదా యని ఆయనకు స్ఫురించెను. మోజెస్‌ను గూర్చి వ్రాయబూని, తొమ్మిది నెలలలో ముగియునని తలచిన గ్రంథమునకు ఏడేండ్లు పట్టెను. నడుమ ఇల్లు అమ్ముకొనవలసి వచ్చెను. వేయి పుటలు దాటిన ‘పవర్ బ్రోకర్’ 1974లో వెలువడెను. పాఠమునకును, తాను వృత్తిలో కన్నదానికిని గల విరోధమును గుర్తింపగలిగినది విలేఖరిగా ఆయన గడపిన సంవత్సరములవలననే. మీకు ఇరువదేండ్ల వయస్సున ఆ తరగతిలో కూర్చుండు భాగ్యము కలిగినను, ఆ సమీకరణమును వ్రాసికొని పరీక్షలో అప్పగించి యుందురు.

అందరికిని ఆ సంవత్సరము శుభముగ పరిణమింపలేదు. దక్షిణాఫ్రికాలోని నల్లజాతి రచయిత నాట్ నకాసా నీమన్ ఫెలోగా ఎంపిక కాగా, వర్ణవివక్షా ప్రభుత్వము పాస్‌పోర్టును నిరాకరించి, మరల స్వదేశమున అడుగిడరాదను నిబంధనతో నిష్క్రమణపత్రమును మాత్రమే యిచ్చెను. ఆయన దానినే గైకొని 1964లో వెడలెను. మరుసటి జూలైలో, 28 ఏండ్ల వయస్సున, న్యూయార్కులో ఎత్తైన భవనమునుండి పడి మరణించెను. ఆయన అవశేషములు మాతృభూమికి చేరినది 2014లో. ఒక సంవత్సరపు చదువునకు ఏ మనిషియు చెల్లింపరాని వెల అది.

మన విలేఖరుల యిబ్బంది అంత దారుణము కాదు గాని, దానిని తేలికగ చూడజాలను. మండలకేంద్రమున లైన్ అకౌంటుపై, అనగా అచ్చయిన పంక్తుల లెక్కన, బ్రతుకు కంట్రిబ్యూటరునకు పూర్తికాలపు ఉద్యోగి యను ధ్రువపత్రము నిచ్చువారు లేరు. తెలుగున వ్రాసిన వార్తలను దరఖాస్తుకై ఆంగ్లమున మార్చి పంపు స్తోమత లేదు. నెల దినములు వార్త పంపనిచో ఆ స్థానమున వేరొకరుందురు. రైతు ఆత్మహత్యను, ఎండిన కాలువను మొట్టమొదట చూచువాడు ఆతడే. చదువునకు మిక్కిలి దూరముగ నున్నవాడును ఆతడే.

ఉపకులపతిగారికి నా విన్నప మొక్కటి. ఏటేట ఇద్దరు ముగ్గురు తెలుగు విలేఖరులను ఈ విశ్వవిద్యాలయము ఆహ్వానించి, దరఖాస్తును తెలుగుననే స్వీకరించి, ఇష్టమైన శాఖలో కూర్చుండనిచ్చి, ఇల్లు గడచుటకు చాలిన భత్యము నియ్యగలదు. క్రొత్త భవన మక్కరలేదు, క్రొత్త పాఠ్యక్రమ మక్కరలేదు. పత్రికాధిపతులు ఆ సంవత్సరము ఉద్యోగమును నిలిపి యుంచుటకు ఒడంబడిన చాలును. అట్టి ఏర్పాటు జరిగిన నాడు తొలి దరఖాస్తు మండలమునుండి రావలయును. స్నాతకులారా, మీలో నెవ్వరు దానిని వ్రాసినను నాకు చూపుడు. సిఫారసు లేఖ నేను వ్రాసెదను.