బాలింతకు మనం ఏమివ్వాలి?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సాలూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఇంట్లో ఆడవాళ్ళకు కూడా పనికివచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని ఈ విషయం ఎంచుకున్నాను. ముసలి గుమస్తాకు బాలింతల సంగతి దేనికయ్యా అని కొందరు నవ్వుకోవచ్చు. దయచేసి చివరిదాకా వినమని మనవి.

ఈ వయసులో మనకు మూడు రకాల పిలుపులు వస్తూ ఉంటాయి. పెళ్ళి పిలుపు, బారసాల పిలుపు, పన్నెండో రోజు పిలుపు. మొదటిదానికీ చివరిదానికీ ఏం చేయాలో మనకు బాగా తెలుసు. మధ్యదానికి మాత్రం బజారుకు వెళ్ళి, చేతికందిన గౌనో, వెండి గిన్నో కొని, కాగితంలో చుట్టించుకుని వెళ్తాం. ఉయ్యాల దగ్గర నిలబడి అక్షింతలు వేసి, భోంచేసి వచ్చేస్తాం. బిడ్డను కన్న తల్లి ఏ గదిలో ఉందో, తిన్నదో లేదో చాలామందిమి చూడం. నేనూ చూసేవాణ్ణి కాదు.

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. అది 1976. అప్పటికి మన సాలూరు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. నాతో పాటు తాలూకా ఆఫీసులో పనిచేసే మిత్రుడికి మగబిడ్డ పుట్టాడు. నాకు కొత్త ఉద్యోగం, చేతిలో జీతం, మనసులో హోదా. పాలపొడి డబ్బా ఒకటి, గాజు పాలసీసా ఒకటి కొని పట్టుకెళ్ళాను. ఆ రోజుల్లో డబ్బా పాలంటే పెద్దింటి వ్యవహారం. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండానే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. విజయనగరం తీసుకెళ్ళి పది రోజులు ఉంచితే గాని బతకలేదు. ఈలోగా తల్లికి పాలు తగ్గిపోయాయి. డబ్బా ఖరీదు భరించలేక నీళ్ళు ఎక్కువ పోసి కలిపేవారట. ఆ సీసా ఎవరు మరగబెడతారు, ఆ నీళ్ళు ఎవరు కాచి చల్లారుస్తారు అని నేను ఆలోచించలేదు.

చాలా ఏళ్ళ తరువాత ఆవిడే ఒకసారి అన్నారు: "అన్నయ్య గారూ, మీరు ప్రేమతోనే ఇచ్చారు. కాని ఆ రోజు మీరు ఆ డబ్బా డబ్బులతో నాకు పూటకో గ్లాసు పాలు వాడుక పెట్టించి ఉంటే, నేనే వాడికి పాలిచ్చుకునేదాన్ని." ఆ మాట ఈనాటికీ నా చెవుల్లో ఉంది.

పాలపొడి డబ్బాలనూ, పాలసీసాలనూ తల్లులకు కానుకలుగా, నమూనాలుగా పంచిపెట్టి అమ్మకాలు పెంచుకోవడాన్ని నిషేధిస్తూ మన పార్లమెంటు 1992లో చట్టం చేసింది. 2003లో దాన్ని ఇంకా గట్టిపరిచింది. ఆ చట్టం మనలాంటి బంధువుల కోసం చేసింది కాదు, వ్యాపారుల కోసం చేసింది. కాని అందులోని బుద్ధి మనకూ వర్తిస్తుంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దని డాక్టర్లు చెబుతున్నారు. డాక్టరు ఫలానా కారణం చేత పోతపాలు పట్టమంటే అది వేరు. మనంతట మనం డబ్బా పట్టుకుని వెళ్ళకూడదు.

రెండో సంగతి 1983 నాటిది. ఏదో విచారణ పని మీద రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారి వెంట ఒక కొండ ఊరికి నడిచి వెళ్ళాను. అక్కడ ఒక గుడిసెలో నాలుగు రోజుల బాలింత ఉంది. మేము అరుగు మీద కూర్చున్న గంటసేపట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. ఒకామె కట్టెల మోపు దించి వెళ్ళింది. ఒకామె ఊట నీళ్ళు రెండు బిందెలు తెచ్చింది. ఇంకొకామె చోడి అంబలి తెచ్చి, పెద్దపిల్లను చంకనేసుకుని తనింటికి తీసుకుపోయింది. ఎవరి చేతిలోనూ కానుక లేదు. నేను ఊరుకోలేక, "చూడడానికి వచ్చినవాళ్ళు ఏమీ ఇవ్వరా?" అని అడిగాను. అక్కడున్న ముసలామె నన్ను వింతగా చూసి, "సూసెల్లిపోతే దాని కడుపు నిండుతాదేటి బాబూ?" అంది.

ఆమె దృష్టిలో వాళ్ళు తెచ్చినదే కానుక. అది గ్రహించడానికి నాకు ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

మా అమ్మాయి రెండో పురుడు మా ఇంట్లోనే జరిగింది. గుమస్తా బుద్ధి కదా, బారసాల నాడు వచ్చిన వస్తువులన్నిటికీ పద్దు రాశాను. గౌన్లు పధ్నాలుగు, వెండి గిన్నెలు ఐదు, ప్లాస్టిక్ తొట్లు మూడు, పౌడరు, సబ్బు, నూనె ఉన్న పెట్టెలు ఆరు. తల్లి పేరు మీద వచ్చినది ఒక్క జాకెట్టు గుడ్డ. బారసాల నాటికి ఇల్లు కిటకిటలాడింది. మర్నాటికి చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఇరవై ఐదో రోజున ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి కూలబడి, "నాన్నా, ఒక్క రెండు గంటలు నన్ను ఎవరూ లేపకుండా చూడండి, చాలు" అని ఏడ్చింది. వాళ్ళమ్మ చంటిదాన్ని ఎత్తుకుంది. నేను పెరట్లో కూర్చుని పొత్తిగుడ్డలు ఉతికాను. జీవితంలో అదే మొదటిసారి. పద్దులో ఉన్న ఇరవై తొమ్మిది వస్తువుల్లో ఒక్కటీ ఆ పని చేయలేకపోయింది.

కాబట్టి నేను ఒకే ఒక ప్రశ్న పెట్టుకున్నాను. ఈ కానుక వల్ల బాలింత పని తగ్గుతుందా, పెరుగుతుందా? తగ్గితే తీసుకువెళ్ళవచ్చు. పెరిగితే ఎంత ఖరీదైనదైనా అక్కరలేదు.

ఈ లెక్కన మన పెన్షను డబ్బులకు అందేవి చాలానే ఉన్నాయి. ఒక పూట పథ్యం వండి క్యారేజీలో తీసుకెళ్ళండి. మన వైపు తెలగపిండి, మునగాకు కలిపి వండే కూర ఉంది. చోడి అంబలి ఉంది. పప్పు, ఆకుకూర, అలవాటున్న వాళ్ళకు గుడ్డు, చేప ఉన్నాయి. క్యారేజీ మళ్ళీ మనమే వెళ్ళి తెచ్చుకోవాలి, వాళ్ళ చేత కడిగించకూడదు. నెల రోజులకు పాల వాడుక కట్టండి. బట్టలు ఉతకడానికి వచ్చే మనిషికి ఒక నెల జీతం మీరివ్వండి. పెద్దపిల్లను సాయంత్రం బడి నుంచి మీ ఇంటికి తీసుకురండి. ఆసుపత్రికి వెళ్ళే రోజున ఆటో మాట్లాడి తోడు వెళ్ళండి.

వస్తువే ఇవ్వాలనుకుంటే దోమతెర ఇవ్వండి. మన్యం అంచున ఉన్న మనకు దోమ సంగతి చెప్పనక్కర లేదు. రాత్రిళ్ళు వేడినీళ్ళ కోసం ఫ్లాస్కు, పాలివ్వడానికి వీలుగా ముందు తెరుచుకునే నైటీలు రెండు, మెత్తని తువ్వాళ్ళు ఇవ్వండి. గౌను కొంటే నూలుది, ఆరు నెలల బిడ్డకు సరిపోయేది కొనండి. మన ఇళ్ళలో అమ్మమ్మలు పాత నూలు చీరలతో బొంతలు కుట్టేవారు. ఉతికి ఎండలో ఆరేసిన అటువంటి బొంత కంటే మంచి కానుక ఏ దుకాణంలోనూ దొరకదు. డబ్బు ఇచ్చేటట్లయితే చదివింపుల పుస్తకంలో రాయించకుండా ఆమె చేతిలోనే పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, వేళ చూసి వెళ్ళడం. బారసాల తరువాత ఇల్లు ఖాళీ అయిన మూడో వారం, నాలుగో వారం ఆమెకు సాయం ఎక్కువ అవసరం. అడిగి వెళ్ళండి, పది నిమిషాలుండి రండి. దగ్గూ జలుబూ ఉంటే అసలు వెళ్ళకండి.

తీసుకువెళ్ళకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. బజారు కాటుకలో సీసం కలిసి ఉండవచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. పౌడరు బిడ్డ ఊపిరిలోకి పోతుంది. తలుపులు మూసి నిప్పుల కుంపటి, సాంబ్రాణి పొగ పెట్టడం తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

ఇక మన నోటి సంగతి. బాలింతను నీళ్ళు తాగవద్దనేది, కూర తినవద్దనేది ఎవరు? మనమే, పెద్దవాళ్ళమే. వెల్లుల్లి కారం, శొంఠి పొడి, బాలింత కాయం పెట్టడం తప్పు కాదు. వాటితోనే సరిపెట్టడం తప్పు. పాలిచ్చే తల్లి దాహమైనంత నీళ్ళు తాగాలి, మామూలు కంటే ఎక్కువ తినాలి. పురుడైన తరువాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మరొక మాట. వెండి గిన్నె చేతిలో పెట్టి, "మళ్ళీ ఆడపిల్లేనా?" అంటే ఆ గిన్నె ఆమెకు గుర్తుండదు, ఆ మాటే గుర్తుంటుంది. రెండు వారాలు దాటినా ఆమె దిగులుగా, నిద్ర లేకుండా, బిడ్డ మీద ధ్యాస లేకుండా ఉంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించవద్దు. డాక్టరుకు చూపించండి.

ప్రభుత్వాలు కూడా కానుకలిచ్చాయి. ఫిన్లాండు దేశంలో 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి తల్లులందరికీ బట్టలు, పరుపు ఉన్న పెట్టె ఇస్తున్నారు. ఆ పెట్టెలోనే బిడ్డను పడుకోబెట్టవచ్చు. నాలుగో నెల దాటేలోగా గర్భిణి వైద్య పరీక్ష చేయించుకోవాలన్నది షరతు. కానుక ఆశ చూపి తల్లిని ఆసుపత్రికి రప్పించారన్నమాట. మన రాష్ట్రంలో 2016లో బేబీ కిట్లు ఇచ్చారు. తెలంగాణలో 2017లో మొదలైన కిట్‌లో బిడ్డ సామానుతో పాటు తల్లికి చీరలు కూడా పెట్టారు. తల్లిని కూడా తలచుకున్నందుకు అది నాకు నచ్చింది.

మన ఎగువ ఊళ్ళ తల్లుల కష్టం మీకు తెలియనిది కాదు. డోలీలో మోసుకొస్తుండగా దారిలోనే పురుడైన వార్తలు ఎన్ని చదివామో. అందుకే 2018లో పార్వతీపురం ఐ.టి.డి.ఎ. వారు కొండ శిఖర గ్రామాల గర్భిణులు ముందుగానే దిగివచ్చి ఉండడానికి సాలూరులో వసతి గృహం ఏర్పాటు చేశారు. ఇటువంటి తల్లులకు మనం ఏమివ్వగలం? చలికి దుప్పటి, బిడ్డకు ఉన్ని టోపీ, తోడు వచ్చినవాళ్ళకు భోజనం ఖర్చు ఇవ్వవచ్చు. ముందుగా ఆశ కార్యకర్తనో, నర్సునో అడిగి ఇవ్వాలి.

అయితే మరెవరి దగ్గరా లేని కానుక ఒకటి మన దగ్గర ఉంది. అది కాగితం పని. ముప్పై ఏళ్ళు మనం చేసినది అదే కదా!

బిడ్డ పుట్టిన 21 రోజుల లోపు నమోదు చేయించాలని 1969 నాటి చట్టం చెబుతోంది. ఆసుపత్రిలో పుడితే వాళ్ళే చూసుకుంటారు. ఇంట్లోనో, దారిలోనో పుడితే ఇంటివాళ్ళే వెళ్ళి తెలియజేయాలి. 2023 అక్టోబరు 1 నుంచి, ఆ తేదీ తరువాత పుట్టినవారికి బడిలో చేరడానికీ, ఆధార్‌కూ, ఓటుకూ జనన ధ్రువపత్రమే ముఖ్య ఆధారం. ఆ కాగితం లేకపోతే ఆ బిడ్డ పెద్దయ్యాక ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో మనకంటే ఎవరికి తెలుసు? కేంద్రం వారి మాతృ వందన పథకం 2017లో వచ్చింది. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు. డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది. కాని ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉంటే ఆ డబ్బు ఆగిపోతుంది. అక్షరం తేడా వల్ల ఆగిన ఫైళ్ళు మనం ఎన్ని చూడలేదు!

అందుచేత సభకు నా ప్రతిపాదన ఇది. సర్కారు ఆసుపత్రి వారి అనుమతి తీసుకుని, మన సభ్యులు ఇద్దరు చొప్పున వారానికి ఒక రోజు ప్రసూతి వార్డు బయట బల్ల వేసుకుని కూర్చుందాం. వచ్చిన తల్లుల కాగితాలు చూసి, దరఖాస్తులు నింపి, ఎక్కడికి వెళ్ళాలో చెబుదాం. పైసా ఖర్చు లేదు. కళ్ళజోడు, కలం ఉంటే చాలు.

ఈ రోజు మనం డిసెంబరు 17 ఎందుకు జరుపుకుంటున్నాం? 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను అనేది ఒకరి దయాదాక్షిణ్యం కాదనీ, అది ఉద్యోగి హక్కు అనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు వల్లనే మనం తలెత్తుకుని బతుకుతున్నాం. ప్రాణం పణంగా పెట్టి బిడ్డను కన్న తల్లికి తిండీ, నిద్రా, సాయమూ కూడా మనం దయతలచి ఇచ్చేవి కావు. అవి ఆమెకు రావలసిన బకాయి. బకాయి విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?