పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు? నైజీరియా వలస కుటుంబాల మీద ఒక వాదం



ఈ స్మారకోపన్యాసం చేయమని అడగగానే ఒప్పుకున్నాను. మాస్టారి పేరు మీద మాట్లాడటం నాకు గౌరవం. ఇరవై ఏళ్లుగా నేను పడుతున్న ఒక పేచీని నిండు సభలో పెట్టే అవకాశం కూడా. ఆయన పాండిత్యం గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడే ఉన్నారు. నేను ఒక్క విషయం చెబుతాను. 1970ల్లో చమురు డబ్బుతో నైజీరియాలో బడులు వేగంగా పెరిగాయి. లెక్కలూ సైన్సూ చెప్పడానికి మన దేశం నుంచి ఎందరో ఉపాధ్యాయులు అక్కడికి వెళ్లారు. మాస్టారూ వెళ్లారు. భార్యాపిల్లలు తెనాలిలో ఉండిపోయారు. ఆయన ఇంటికి రాసిన ఏరోగ్రాములను ఆయన భార్య నాకు చూపించారు. పిల్లల మార్కుల గురించి ఎక్కడో ఒక చోట అడిగేవారు. పిల్లలు రాత్రిళ్లు ఎవరి దగ్గర పడుకుంటున్నారని మాత్రం దాదాపు ప్రతి ఉత్తరంలోనూ అడిగేవారు. నా వాదమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మాస్టారిని పిలిచిన దేశమే ఇప్పుడు తన వాళ్లను పంపుతోంది. ఆ కథ మీకు తెలిసిందే కనుక త్వరగా దాటుతాను. 1986లో మొదలైన ఆర్థిక సర్దుబాటు కార్యక్రమంతో జీతాలు చితికి, డాక్టర్లూ అధ్యాపకులూ బయటికి నడిచారు. ఎడో రాష్ట్రం నుంచి, ముఖ్యంగా బెనిన్ సిటీ నుంచి, ఆడవాళ్లు ఇటలీ దారి పట్టారు. అందులో మోసాలూ బానిసత్వాలూ ఎన్నో. 2023 జూన్‌లో నైరాను మార్కెట్‌కు వదిలేశాక డాలరుకు 460 దగ్గరున్న మారకం ఏడాది తిరగకుండానే 1,500 దాటింది. యువత నోట ‘జపా’ అన్న యోరుబా మాట, అంటే దేశం విడిచి పోవడం, మామూలైపోయింది. విదేశాల నుంచి ఆ దేశపు ఇళ్లకు ఏటా సుమారు 2,000 కోట్ల డాలర్లు చేరుతున్నాయి. ఆ డబ్బుతో ఫీజులు కట్టారు, మందులు కొన్నారు, ఇళ్లు లేపారు. ఇందులో ఎవరికీ తగాదా లేదు.

తగాదా పిల్లల దగ్గర వస్తుంది. తండ్రి వెళితే ఇల్లు నిలబడుతుంది, తల్లి వెళితే చెదురుతుంది అనే మాట పత్రికల్లోనే కాదు, మన విశ్వవిద్యాలయాల సెమినార్లలోనూ వింటున్నాను. దీనికి పెద్ద సిద్ధాంతం అండగా ఉంది. ఒక తల్లి పరుల పిల్లలను చూసుకోవడానికి వేరే దేశం వెళ్లడాన్ని, ఆమె పిల్లలను ఇంకొకరు చూసుకోవడాన్ని కలిపి సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ ‘సంరక్షణ గొలుసు’ అన్నారు. పేద దేశాల తల్లుల ప్రేమను ధనిక దేశాలు ఒకప్పటి బంగారంలా తోడుకుపోతున్నాయని ఆవిడ వాదం. ధనిక దేశాల మీద ఆ విమర్శ న్యాయమైనదే. కానీ మన సెమినార్లలో అది తల్లి మీద అభియోగంగా మారిపోతోంది. ఆ తల్లి పిల్లలకు అన్నం పెట్టి, నిద్రపుచ్చి, బడికి పంపుతున్న మనిషి ఆ లెక్కలో కనిపించడమే లేదు.

ఎవరు వెళ్లారన్నదానికంటే, పిల్లలను చూసుకునే మనిషి నిలకడగా ఉన్నారా అన్నదే ముఖ్యమని నా వాదం. దాని మీద ఎప్పుడూ ప్రయోగించే సాక్ష్యం ఒకటుంది. వాలెంటీనా మజ్జుకాటో, ఆవిడ సహ పరిశోధకులు 2010-11లో ఘనా, నైజీరియా, అంగోలాల్లో హైస్కూలు పిల్లల మానసిక స్థితిని సర్వే చేశారు. నైజీరియాలో 2,168 మంది. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. నైజీరియాలో తల్లి వలస వెళ్లి తండ్రి చూసుకుంటున్న పిల్లల పరిస్థితి అధ్వాన్నంగా ఉందని అందులో ఉంది. నా ప్రత్యర్థులు అక్కడ చదవడం ఆపేస్తారు. ఆ వ్యాసాన్ని చివరిదాకా చదవమని నా విన్నపం. పిల్లలను చూసుకునే మనిషి మారుతూ ఉంటే పిల్లల మనసు దెబ్బతింటోందని మూడు దేశాల్లోనూ తేలింది. నైజీరియాలో ఆ మనిషి ఏ వరస బంధువన్నది లెక్కకు రాలేదు. తల్లిదండ్రులు లండన్ వెళ్లారా, తమ దేశంలోనే వేరే ఊరు వెళ్లారా అన్నదానివల్ల కూడా అక్కడ తేడా కనిపించలేదు. సముద్రం దాటడమే పాపమైతే ఈ చివరి ఫలితం ఎలా వచ్చింది? దీనికి నాకింతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

మరి తండ్రి చూసుకునే ఇళ్ల సంగతేమిటి? నా ఊహ చెబుతాను, ఊహ అనే చెబుతాను. రేసల్ పరేన్యాస్ ఫిలిప్పీన్స్ కుటుంబాల మీద 2005లో పుస్తకం రాశారు. తల్లి విదేశంలో ఉన్న ఇళ్లలో తండ్రి ఆ పనిని నెత్తికెత్తుకోలేదని, పెద్ద కూతురో పిన్నో అమ్మమ్మో మోశారని అందులో చూపించారు. నైజీరియాలోనూ ప్రశ్నపత్రంలో ‘తండ్రి’ అని టిక్కు పడిన చోట, అసలు చూసుకునేవారు ఏడాదికొకరు మారుతున్నారేమో. కాగితం మీద ఒక్క పేరు, ఇంట్లో నలుగురు. అదే నిజమైతే నా మీద ప్రయోగించిన సాక్ష్యం నా పక్షానే నిలుస్తుంది.

మజ్జుకాటోది ఒక్కసారి తీసిన సర్వే, కారణమేదో కార్యమేదో తేల్చదంటారు. ఒప్పుకుంటాను. అలాగైతే తల్లిని దోషిగా తేల్చడానికీ అది చాలదు.

ఎదుటి గట్టు నుంచి వచ్చే వాదమూ ఉంది. ఆఫ్రికాలో పిల్లలను బంధువుల ఇళ్లలో పెంచడం మామూలే, వాళ్లకు బాధేమిటంటారు. దీనితోనూ నాకు పేచీయే. పశ్చిమాఫ్రికాలో పిల్లల అప్పగింత మీద నైజీరియా జనాభా శాస్త్రవేత్త ఉచే ఇసియుగో-అబనిహే 1985లో రాసిన వ్యాసం చూడండి. బంధుత్వం నిలుపుకోవడానికి, పని నేర్పడానికి, చదువుకు, ఆపద గట్టెక్కడానికి పిల్లలను పంపేవారు. ప్రతి అప్పగింతకూ ఒక కారణం, పెద్దల మధ్య ఒక ఒప్పందం. వీసా ఎప్పుడొస్తుందో తెలియక ‘కొన్నాళ్లు’ అని ఒకరి చేతిలో, ఆ తర్వాత మరొకరి చేతిలో పెట్టడం ఆ ఆచారం కిందికి రాదు.

ఈ ‘కొన్నాళ్లు’ను చట్టాలే పెంచుతున్నాయి. బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ పనికి వీసాల తలుపు తెరిచింది. నైజీరియా నుంచి పెద్ద సంఖ్యలో వెళ్లారు. 2024 జనవరి నుంచి చాలామంది విదేశీ విద్యార్థులూ, ఆ మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే సంరక్షణ కార్మికులూ కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. లాగోస్‌కీ లండన్‌కీ గడియారంలో తేడా మహా అయితే ఒక గంట. అయినా నైట్ డ్యూటీలో ఇంకొకరి తల్లికి పక్క మార్చే మనిషికి తన బిడ్డ నిద్రపోయే వేళ ఫోన్ చేయడం కుదరదు. దాన్ని ప్రేమ తరిగిపోవడం అనడం అన్యాయం.

ఇప్పుడు నేను చేస్తున్న పని దగ్గరికి వస్తున్నాను. నైజీరియాలోని ఇగ్బోల్లో ఒముగ్వో అనే ఆచారం ఉంది. కూతురు ప్రసవిస్తే తల్లి వెళ్లి బాలింతకూ పసిబిడ్డకూ పథ్యాలూ స్నానాలూ చూస్తుంది. కూతురు మాంచెస్టర్‌లో ఉంటే అమ్మమ్మ అక్కడికే వెళుతుంది, సందర్శక వీసా మీద ఆరు నెలల దాకా. ఇటు సొంతూరు ఓవెర్రీలో ఆవిడ పెంచుతున్న మరో కూతురి పిల్లలు ఆ ఆరు నెలలూ ఇంకొకరి చేతికి మారతారు. వాళ్ల అమ్మ ఎప్పుడో వెళ్లిపోయింది, ఈసారి వెళ్లింది అమ్మమ్మ. ఏ సర్వేలోనూ దీన్ని వలసగా రాయరు. 

అందుకే నైజీరియా మిత్రులతో కలిసి ఒక పంచాంగం లాంటి పట్టిక తయారుచేస్తున్నాను. పిల్ల పుట్టినప్పటి నుంచి నెల నెలా ఎవరి దగ్గర ఉంది, ఎవరు ఎందుకు మారారు, మారబోతున్నారని పిల్లకు ముందే చెప్పారా, పెంచిన మనిషికి డబ్బు నేరుగా అందిందా, ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది. తల్లిదండ్రుల కంటే ముందు ఆవిడనే అడుగుతాం. అదే పట్టికను రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లోనూ నింపాలనుకుంటున్నాను. ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల పిల్లలు అక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఆ తల్లులకూ పిల్లలను వెంట తీసుకెళ్లే వీసా లేదు. ఆ తల్లుల మీదా మనవాళ్లు ఇదే తీర్పు ఇస్తున్నారు.

మన బడి దరఖాస్తులో సంరక్షకుల పేరుకు ఒక్క గీత ఉంటుంది. ఆ గీత కింద ‘ఎప్పటి నుంచి’, ‘అంతకుముందు ఎవరు’ అని మరో రెండు గీతలు చేర్పించమని విద్యాశాఖకు రాయబోతున్నాను. ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ఆ లేఖ మీద నాతో పాటు సంతకం చేయమని అడుగుతున్నాను. కాగితాలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి.