చందా నుంచి సేవ దాకా
(ఒక కళాశాల సేవాసంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ సేవాసంఘం ఈ సంవత్సరపు నిధుల సేకరణను ప్రారంభిస్తున్న సందర్భంలో నాలుగు మాటలు చెప్పమన్నారు. హిందీ నుంచి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. కనుక ఒక మాటతోనే మొదలుపెడతాను. ఆ మాట ‘చందా’. పారసీకం నుంచి వచ్చి హిందీలోనూ, ఉర్దూలోనూ, తెలుగులోనూ స్థిరపడిన మాట ఇది. పత్రికకు కట్టే రుసుమును చందా అంటాం. వినాయక చవితి పందిరికి ఇంటింటా వసూలు చేసేదాన్నీ చందా అంటాం. ‘దానం’ అన్నప్పుడు ఇచ్చే చేయి ఒక్కటి మన కళ్ళకు కడుతుంది. ‘చందా’ అన్నప్పుడు పదిమంది కనిపిస్తారు. వారితోపాటు ఒక రసీదు పుస్తకమూ, లెక్క అడిగే హక్కూ కనిపిస్తాయి.

దానానికి మన నేలమీద ఉజ్జ్వలమైన సంప్రదాయం ఉంది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతం అన్నంపెట్టి ‘అపర అన్నపూర్ణ’ అనిపించుకున్నారు. ఆమె జీవించి ఉన్న కాలంలోనే, 1905లో, అమెరికాలోని చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది ముగ్గురు మిత్రులతో కలిసి రోటరీ క్లబ్బును స్థాపించాడు. వృత్తి వ్యాపారాల్లో ఉన్నవారి స్నేహం కోసం ఏర్పడిన ఆ క్లబ్బు తొలిసారిగా చేపట్టిన ప్రజాసేవ ఏమిటో తెలుసునా? నగరంలో బహిరంగ మరుగుదొడ్ల నిర్మాణం! 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ క్లబ్బులు సంఘటితమయ్యాయి. 1925లో హెలెన్ కెల్లర్ వారి మహాసభలో ప్రసంగించి, అంధుల పక్షాన నిలబడవలసిందిగా వారిని కోరారు. కలకత్తాలో 1920 నాటికే రోటరీ, బొంబాయిలో 1956లో లయన్స్ వేళ్ళూనాయి. అక్కడినుంచి ఇవి మన పట్టణాలకు విస్తరించాయి. సీతమ్మగారిది ఒక్కరి మహత్త్వం. ఈ సంఘాలది సామాన్యుల కూడిక. సమాజానికి రెండూ అవసరమే. అయితే మహాత్ములు ఎప్పుడో గాని పుట్టరు. సామాన్యులు మాత్రం ఎప్పుడూ ఉంటారు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. నాడు సినీనటులు జోలెపట్టి వీధుల్లోకి వచ్చారు. పిల్లలు సైతం తమ డబ్బీల్లోని చిల్లర తెచ్చి ఇచ్చారు. విపత్తు కంటి ఎదుట నిలిచినప్పుడు మనిషి గుండె దానంతట అదే కరుగుతుంది. కానీ ఉరుమూ మెరుపూ లేకుండా, ఊరికి ఒకరిని, వీధికి ఒకరిని కుంగదీసే విపత్తులు కూడా ఉన్నాయి. పోలియో అటువంటిది. నిన్నటిదాకా పరుగులు తీసిన బిడ్డ జ్వరం తగిలి లేచేసరికి కాలు చచ్చుబడేది. పత్రికల్లో అది వార్త అయ్యేది కాదు. 1988 నాటికి ప్రపంచంలో ఏటా సుమారు 3,50,000 మంది ఈ వ్యాధికి గురవుతుండేవారని అంచనా.

1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు పోలియో చుక్కలు వేయించే కార్యక్రమానికి రోటరీ చేయూత నిచ్చింది. ఆ అనుభవంతో 1985లో ప్రపంచవ్యాప్తంగా నిధుల సేకరణకు పూనుకుంది. లక్ష్యం 12 కోట్ల డాలర్లు. 1988 నాటికి వచ్చినవి 24.7 కోట్లు. అనుకున్నదానికి రెట్టింపు దాటింది. అంతటితో సన్మానాలు చేసుకొని ఊరుకుంటే ఈ కథ ఈనాడు చెప్పుకోదగినది అయ్యేది కాదు. డబ్బు చేరిన తరువాతే అసలు పని ఆరంభమయింది.

మన దేశం 1995లో పల్స్ పోలియో కార్యక్రమాన్ని చేపట్టింది. దేశమంతటా ఒక విడత జరిగితే సుమారు 17 కోట్ల మంది పిల్లలకు చుక్కలు అందాలి. వ్యయంలో అధిక భాగాన్ని ప్రభుత్వమే భరించింది. మరి సేవాసంఘాలు చేసినదేమిటి? ఆదివారం పొద్దున్నే కేంద్రం తెరిచి కూర్చోవడం, బల్లలూ వాహనాలూ సమకూర్చడం, చుక్కలు వేసే కార్యకర్తలకు భోజనం ఏర్పాటు చేయడం, వేయించుకోమని తల్లులను బతిమాలడం. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని పేటలవారు అపోహలతో తలుపులు మూసుకున్నప్పుడు మత పెద్దల ఇళ్ళకు వెళ్ళి, కూర్చొని, సందేహాలు విని, ఒప్పించడం. ఈ పనులేవీ చెక్కుమీద సంతకంతో జరిగేవి కావు.

అక్కడే పిల్లల గుంపులు ఇల్లిల్లూ తిరిగి తమ ఈడు పిల్లలను, వారి తమ్ముళ్ళను, చెల్లెళ్ళను కేంద్రానికి పిలుచుకొని వచ్చేవి. వాటిని హిందీలో ‘బులావా టోలీ’ అన్నారు. ‘పిలుపు బృందం’ అని తెలుగు చేయవచ్చు. కానీ పెళ్ళికి బొట్టుపెట్టి పిలిచే మన పిలుపులోని ఆప్యాయత అందులో ఉందని గుర్తు పెట్టుకోవాలి. హిందీ ప్రాంతంలో ప్రచార నినాదం ‘దో బూంద్ జిందగీ కీ’. తెలుగు గోడలమీద అదే ‘నిండు జీవితానికి రెండు చుక్కలు’ అయింది. ‘నిండు’ అన్న మాట హిందీలో లేదు. ‘నిండు నూరేళ్ళు బతుకు’ అని దీవించే భాషలోకి వచ్చేసరికి ఆ నినాదం కూడా దీవెనగా మారింది. ఒకే సందేశం ప్రతి భాషలోనూ ఆ యింటి మాటగా వినిపించడమే సమైక్యత అని నా నమ్మకం.

2009లో మన దేశంలో 741 పోలియో కేసులు నమోదయ్యాయి. ప్రపంచంలోని కేసుల్లో దాదాపు సగం మనవే. ‘ఇక్కడ ఇది సాధ్యం కాదు’ అన్నవారు అప్పటికీ ఉన్నారు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకు సోకినదే సహజ పోలియో వైరస్ వల్ల మన దేశంలో కలిగిన చివరి కేసు. 2014 మార్చి 27న భారతదేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరణ లభించింది. 1985లో పట్టిన రసీదు పుస్తకానికీ ఆ చివరి కేసుకూ మధ్య 26 సంవత్సరాలు గడిచాయి. ఆ సంవత్సరాలన్నింటా ఎవరో ఒకరు ఆదివారం పూట ఇల్లు విడిచి వెళ్ళారు.

విద్యార్థులారా! మీ ముందు మూడు విన్నపాలు ఉంచుతాను. మొదటిది: ముందు అవసరాన్ని వెళ్ళి చూడండి, తరువాతే రసీదు పుస్తకం అచ్చు వేయించండి. మీ వీధిలో చూపు మందగించిన వృద్ధులు ఎందరు? రుసుము కట్టలేక చదువు మానిన పిల్లలు ఎందరు? ఈ సంగతి తెలిసినవాడి అభ్యర్థనకే బలం ఉంటుంది. రెండవది: ఇచ్చినవాడు అడగకముందే లెక్క చెప్పండి. వచ్చిన ప్రతి రూపాయినీ, ఖర్చయిన ప్రతి రూపాయినీ ప్రకటన బోర్డుమీద పెట్టండి. వచ్చే ఏడు మీ తరువాతివారు తలుపు తట్టినప్పుడు అది తెరుచుకునేది ఈ లెక్కవల్లనే. మూడవది: పుచ్చుకునేవారి గౌరవాన్ని కాపాడండి. ఆసుపత్రి మంచంమీద ఉన్న రోగి చేతిలో ఒక అరటిపండు పెట్టి పదిమంది ఫోటోకు నిలబడడం సేవ అనిపించుకోదు. ఆ పండు కంటే, పక్కన కూర్చొని అతని ఇంటికి ఒక ఉత్తరం రాసిపెట్టడం విలువైనది. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం ‘నేను కాదు, నువ్వు’ అన్నదాన్ని ఆదర్శవాక్యంగా స్వీకరించింది. ఫోటో తీసేటప్పుడు ఆ వాక్యం ఒకసారి తలచుకుంటే చాలు.

ఈ పని ఇంకా పూర్తికాలేదు. మన పొరుగునున్న పాకిస్తాన్‌లోనూ, అఫ్గానిస్తాన్‌లోనూ సహజ పోలియో వైరస్ వ్యాప్తి నేటికీ ఆగలేదు. పాకిస్తాన్‌లో పోలియో కార్యకర్తలు, వారికి కాపలాగా వెళ్ళిన పోలీసులు హత్యలకు గురైన సందర్భాలు ఉన్నాయి. అయినా తోటివారు చుక్కల మందు పెట్టె భుజాన వేసుకొని మళ్ళీ బయలుదేరుతున్నారు. రోగానికి సరిహద్దు లేదు. పొరుగింటి బిడ్డ క్షేమంగా ఉన్నప్పుడే మన బిడ్డకు పూర్తి రక్షణ.

ఈ సాయంత్రం మీరు రసీదు పుస్తకాలు తీసుకొని వీధుల్లోకి వెళుతున్నారు. కొందరు పది రూపాయలు ఇస్తారు, కొందరు తలుపు వేస్తారు. ఇచ్చినవారి పేరుతోపాటు, ‘మీరు కూడా ఒక ఆదివారం మాతో రాగలరా?’ అని అడిగి ఆ జవాబు కూడా రాసుకోండి. మీ సంఘానికి అదే నిజమైన నిధి అవుతుంది.